గుహ కోసం కొట్టుకున్న అన్నాచెల్లెళ్లు

ఊనా స్కాన్లన్‌కి సాలెపురుగులంటే ప్రేమేమీ లేదు. మనుషులన్నా లేదు. మనుషులందరిలోకీ ఆమెకు గిట్టనివాడు సొంత అన్న డెస్మండ్. తల్లి ఆసుపత్రిలో ఉండగా తల్లి ఆవులన్నిటినీ అతను అమ్మేశాడు. ఆవిడ తిరిగొచ్చి ఖాళీ కొట్టం చూసింది. ఆ చలికాలంలోనే పోయింది. అప్పటినుంచీ అన్నాచెల్లెళ్లు ఒకే పొలంలో రెండు ఇళ్లలో పలకరింపు లేకుండా బతికారు. పక్క పొలం నాది కాబట్టి నాకు తెలుసు.

వాళ్ల పొలం వెనకే మా వానల అడవి మొదలవుతుంది. అందులో సున్నపురాయి గుట్ట, గుట్టలో గుహ. ఆ గుహ కప్పుకు చాచిన అరచెయ్యంత సాలెపురుగులు వేలాడుతుంటాయి. న్యూజీలాండ్‌లో ఈ మూల తప్ప మరెక్కడా లేని జాతి. దాన్ని చంపితే చట్టం ఊరుకోదు. గుహలో అవి ఉన్నాయని మా అందరికీ తెలుసు, పైవాళ్లకు ఎవరమూ చెప్పలేదు.

డెస్మండ్ ఆ గుట్ట పేల్చి, లోపలి పెద్ద చెట్లు కొట్టి దించడానికి బాట వేయబోయాడు. ఊళ్లో మగవాళ్లంతా పని దొరుకుతుందని ఎదురుచూస్తున్నారు. ఊనా అధికారులకు ఫోన్ చేసి సాలెపురుగుల సంగతి చెప్పేసింది. బాట ఆగిపోయింది.

డెస్మండ్ వానలోనే ఆమె కంచె దగ్గరికొచ్చాడు.

"ముష్టి పురుగు కోసం సొంత అన్న నోట్లో మట్టి కొడతావా?"

"పురుగు కోసమని ఎవరన్నారు? అమ్మ ఆవుల కోసం."

"మేత లేక చచ్చేవి అవి. అప్పుడు నువ్వెక్కడున్నావ్? నెల్సన్ పట్నంలో హాయిగా కూర్చున్నావ్."

"అమ్మనొక మాట అడగాల్సింది."

ఆ తర్వాత ఊరు ఆమె మీద పడింది. కారు టైర్లు కోశారు. ఉత్తరాల పెట్టెలో చచ్చిన పోసమ్ జంతువుని పడేశారు. పబ్బులో ఆమె చేపల అట్టు అడిగితే, యజమాని ఫెర్గస్ అందరికీ వినబడేలా, "నీ పెంపుడు పురుక్కి కూడా పొట్లం కట్టమంటావా?" అన్నాడు.

"కట్టు. అది మీలా వాగదు," అని ఊనా అక్కడే కూర్చుని తినేసి వెళ్లింది.

వసంతంలో ఒక మధ్యాహ్నం డెస్మండ్ ట్రాక్టర్ అడవి అంచున కనబడింది. ఊనా వెనకే వెళ్లింది. గుహలో అతను ఒక చేత్తో టార్చి పట్టుకుని, అవి లేకపోతే బాటకు అడ్డుండదని, పొడుగాటి కర్రతో పురుగుల్ని గోడకేసి నలుపుతున్నాడు. కింద తెగిన కాళ్లు ఇంకా కదులుతున్నాయి. మూలన ఒకటి మాత్రం దారానికి వేలాడే గుడ్ల సంచి దగ్గరే ఉంది, పారిపోలేదు. అతను కర్ర ఎత్తాడు. ఊనా అతని మీద పడింది. యాభై దాటిన ఇద్దరూ తడి రాళ్ల మీద దొర్లి, పిడికిళ్లతో కొట్టుకున్నారు. డెస్మండ్ మణికట్టు విరిగింది.

"అమ్మ నన్ను చివరిదాకా ఒక్క మాట అనలేదు. నువ్వే అంటున్నావ్," అన్నాడు అతను రొప్పుతూ.

"నీతో మాట్లాడ్డం ఇష్టంలేక అనలేదు."



ఆమే అతన్ని కారులో వెస్ట్‌పోర్ట్ ఆసుపత్రికి తీసుకెళ్లి దింపింది. అక్కణ్ణించి నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లింది. కోర్టులో అన్న మొహంలోకి చూస్తూ సాక్ష్యం చెప్పింది. శిక్ష పడ్డాక డెస్మండ్ తన వాటా నాకే అమ్మేసి దక్షిణానికి పోయాడు. నేను కొన్నందుకు ఊనా నాతో కూడా చాలాకాలం మాట్లాడలేదు.

ఆ ఏడాదంతా ఆమె ఆ గుడ్ల సంచి పురుగును చూడ్డానికి గుహకు వెళ్లివస్తూనే ఉంది. ఎందుకని ఊళ్లో ఎవరో అడిగితే, "అదొక్కటైనా బతక్కపోతే అంత కొట్టుకుందీ దండగే కదా," అందట.

ఒకరోజు కంచె దగ్గర తనే ఆగింది.

"పిల్లలయ్యాయి. ఆవగింజల్లా ఉన్నాయి."

"డెస్మండ్‌కి కబురు పెట్టనా?"



"వాడికెందుకు," అని బూట్ల బురద కంచె కర్రకు రాసి, ఇంట్లోకి పోయింది.