అల్లవరం నుంచి అమలాపురం ఒపేరాకి, ట్రక్ ఆటోలో జనరేటర్‌తో

ఈ ప్రయాణం నేను నోరు జారడంతో మొదలైంది. అమలాపురంలో ఒక కళామందిరం ఉంది. పెళ్ళిళ్ళు లేని ఆదివారాల్లో అక్కడ పాటల పోటీలు, నాటకాలు పెడుతుంటారు. ఈ చలికాలం నాలుగు ఆదివారాలు ఇటలీ నుంచి ఒపేరాలను లైవ్‌లో తెర మీద వేస్తున్నామని సుగుణ టీచర్ గారు ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ నాకు ఏడో తరగతి దాకా పాటలు నేర్పారు. నా చదువు ఏడుతోనే ఆగింది కానీ ఆవిడ ఫోన్లు ఆగలేదు. ఒపేరా అంటే మన పద్యనాటకం లాంటిదే, కాకపోతే మాటలు ఉండవు, అంతా పాటే. భాష మనకు తెలియదు కనుక ప్రతి అంకానికి ముందు టీచర్ గారు తెర ముందు నిలబడి కథ తెలుగులో చెప్తారు. మొదటి ఆదివారం వెళ్ళి కళ్ళార్పకుండా చూసి వచ్చాను. రెండో ఆదివారం ఆఖరి అంకంలో కరెంటు పోయింది, మళ్ళీ రాలేదు. జనం విసుక్కుంటూ లేచారు. కళామందిరం కమిటీ పెద్దాయన వచ్చి, "ఇంకోసారి ఇలాగే అయితే మిగతా ఆదివారాలు ఫంక్షన్లకి ఇచ్చేద్దామండీ టీచర్ గారూ" అన్నారు. టీచర్ గారు తల దించుకున్నారు. ఆవిడ తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. "మా చెరువు దగ్గర రెండో జనరేటర్ ఉందండి, తెస్తాను" అనేశాను. మా ఆయన్ని అడగలేదన్న సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది.

చెరువుల సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక మాట. అల్లవరం దగ్గర మాది రెండెకరాల రొయ్యల చెరువు. ఏరేటర్లు అనే చక్రాలు తిరుగుతూ నీటిని చిలికితేనే రొయ్యకు గాలి అందుతుంది. పంట చివరికొచ్చాక, అందులోనూ మబ్బు పట్టిన రోజుల్లో, ఆ చక్రాలు గంటసేపు ఆగితే చెరువంతా చచ్చి తేలుతుంది. అందుకే కరెంటు పోతే పెద్ద జనరేటర్, అది మొరాయిస్తే చిన్న జనరేటర్. నేను మాటిచ్చింది ఆ చిన్నదాన్ని. ఆ రోజుకి పట్టుబడికి, అంటే రొయ్య పట్టి అమ్మడానికి, ఇంకా పది రోజులే ఉంది.

"నన్నో మాట అడగాలనిపించలేదా?" అన్నారు మా ఆయన.

"అప్పుడు తోచలేదండి."

"మీ టీచర్ గారికైతే రొయ్య సంగతి తెలీదు. నీకూ తెలీదా?"

తర్వాత కంచం ముందు కూర్చున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "మాటిచ్చేశాక ఏం చేస్తాం. పట్టుకెళ్ళు. తొమ్మిదింటికల్లా అది మళ్ళీ గట్టు మీదుండాలి" అన్నారు. ఆయ్ అన్నాను.

మూడో ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి బయలుదేరాం. మామూలుగా అయితే మీరు బస్సులోనో షేర్ ఆటోలోనో ముప్పై రూపాయల లోపే అమలాపురం చేరుకోవచ్చు, అరగంట ప్రయాణం. నాకు మాత్రం ట్రక్ ఆటో కావలసి వచ్చింది. రానూ పోనూ తొమ్మిది వందలకి అప్పారావు గారు ఒప్పుకున్నారు. మా చెరువుకి మేత తోలేది ఆయనే. జనరేటర్‌ని తాళ్ళతో కట్టి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు. కాలవ గట్టు రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను.

"దానికేం కాదండీ. మీరు అలా చూస్తుంటే నాకు కంగారు పుడతంది" అన్నారాయన. గుంత దాటాక, "అయినా ఆ ఇటలీవోళ్ళ పాట అర్థమవుద్దాండీ?" అని అడిగారు.

"కథ ముందే చెప్తారండి."

"ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తారండీ?"

పొద్దుటి నుంచీ సూర్యుడు కనపడలేదు. నేను రోడ్డు కంటే ఆకాశం వైపే ఎక్కువ చూశాను.

నాలుగుంబావుకి గడియార స్తంభం సెంటర్ దాటి కళామందిరం చేరాం. ఆపరేటర్ వచ్చి వైర్లు కలిపి, ఒకసారి వేసి చూసి, బాగుందన్నాడు. ఆట ఆరున్నరకి. టికెట్టు యాభై రూపాయలు, కుర్చీలకి నంబర్లు ఉండవు, ఆరింటికల్లా ముందు వరసలు నిండిపోతాయి. ఆకలేస్తే గేటు పక్కనే ఒకావిడ పునుగులు వేస్తుంది, ప్లేటు ముప్పై. అల్లం పచ్చడి చాలా బాగుంటుంది. "వాన రాదులే అమ్మా, ఉత్త మబ్బే, కూర్చుని తిను" అందావిడ. ఉత్త మబ్బంటేనే మాకు భయమని ఆవిడకి చెప్పలేదు. పునుగులు సగం వదిలేశాను.

లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేయాలి. పాట మధ్యలో ఎవరి ఫోనో మోగిందని రెండో వారం నుంచి ఆ నియమం పెట్టారు. నేను వేయకుండా ఉండాల్సింది. కానీ అందరూ వేస్తుంటే నాకొక్కదానికే వద్దని చెప్పడం రాలేదు.

ఆ రోజు కథలో ఉరిశిక్ష పడిన తమ్ముడిని ఒక అక్క తన ఇంట్లో దాచుకుంటుంది. శిక్ష వేసిన న్యాయాధికారి ఆమె భర్తే. ఆఖరికి తమ్ముడు దొరికిపోతాడు, ఆమె కూడా బతకదు అని టీచర్ గారు ముందే చెప్పేశారు. అయినా మొదటి అంకంలో భర్త తలుపు తట్టేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది. నా పక్కన కూర్చున్న ముసలావిడ "తియ్యకే తల్లీ" అంది.

రెండో అంకం మధ్యలో కరెంటు పోయింది. నిమిషంలో బయట మా జనరేటర్ అందుకుంది, తెర వెలిగింది, జనం చప్పట్లు కొట్టారు. టీచర్ గారు చీకట్లో నా భుజం తట్టారు. నాకు మాత్రం చెరువే గుర్తొచ్చింది. అమలాపురంలో పోయిందంటే మా ఊళ్ళో కూడా పోయే ఉంటుంది. పెద్ద జనరేటర్ ఉందిగా అని నాకు నేనే చెప్పుకున్నాను. తెర మీద అక్క పాడుతూనే ఉంది. ఒక్క ముక్క చెవికెక్కలేదు. పావుగంట అలా కూర్చుని, ఇక ఉండలేక లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. బుట్టలో నా ఫోన్ వెలుగుతోంది. మా ఆయన తొమ్మిదిసార్లు చేశారు.

"పెద్దదాని బెల్టు తెగిపోయింది. ఆదివారం, షాపుల్లేవు. చక్రాలు ఆగి ఇరవై నిమిషాలైంది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది. "చిన్నది కావాలి. తేగలవా?"

టీచర్ గారి దగ్గరికి పరుగెత్తి చెవిలో చెప్పాను. ఆవిడ తెర వైపు చూశారు. ఆఖరి అంకం అప్పుడే మొదలైంది. "ఇంకో ఇరవై నిమిషాలేనే అమ్మా, అంతకంటే లేదు" అన్నారు. నాకు పాట నేర్పిన మనిషి. ఆవిడ మాటకి ఎదురు చెప్పి ఎరగను.

"ఆగలేమండి" అన్నాను.

ఆవిడ కదల్లేదు. నేనే ముందుకు నడిచాను. ప్రొజెక్టర్ వెలుగు ముఖాన కొట్టింది, నా నీడ తెర మీద పాడుతున్న ఆవిడ మీద పడింది. వెనక నుంచి ఎవరో "పక్కకి తప్పుకో అమ్మా!" అని అరిచారు.

"అండీ, ఈ జనరేటర్ మాదండి. మా చెరువులో ఏరేటర్లు ఆగిపోయేయండి."

కమిటీ పెద్దాయన ముందు వరసలోంచి లేచారు. "ఎన్నో రోజు పంటమ్మా?"

"నూట పదో రోజండి."

"ఓరి నాయనో! లెగండి, లెగండి!"

"మళ్ళీనా? అయితే మా డబ్బులిచ్చేయండి" అన్నాడొకాయన.

"ఊరుకోవయ్యా! అక్కడ చెరువు పోతంటే నీకు పాటేంటి?" అన్నారు పెద్దాయన పంచె ఎగ్గడుతూ. తర్వాత తెలిసింది, ఆయనకీ మూడెకరాల చెరువుందట. ఇటలీ పాటకి కథ చెప్పే మనిషి కావాలి గానీ, ఏరేటర్లు ఆగాయంటే ఆ హాల్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. జనరేటర్ ఆపగానే అక్క గొంతు సగంలో తెగిపోయింది. బుట్టలోంచి ఫోన్లు తీసుకుని, టార్చీలు వేసుకుని ఎనిమిది మంది కలిసి దాన్ని ఎత్తి ఆటోలో పెట్టారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పారావు గారు ఈసారి గుంతల దగ్గర కూడా వేగం తగ్గించలేదు. దారి పొడవునా ఊళ్ళన్నీ చీకటిగా ఉన్నాయి. చెరువు చేరేసరికి మా ఆయన, కాపలా మనిషి, పక్క చెరువు అన్నదమ్ములిద్దరు నడుం లోతు నీళ్ళలో దిగి కొబ్బరి మట్టలతో నీళ్ళు కొడుతున్నారు. గట్టు అంచున రొయ్యలు పైకి వచ్చి మూతులు తెరుస్తున్నాయి. వైర్లు కలిపారు. మొదటి చక్రం తిరగలేదు. మా ఆయన దాన్ని చేత్తో తోశారు. అది తిరిగింది. తర్వాత రెండోది, మూడోది.

మా ఆయన ఒడ్డుకొచ్చి చాలాసేపు ఆయాసపడ్డారు. "మధ్యలో ఎలా ఆపించేవు?" అన్నారు.

"తెర ముందుకెళ్ళి అడిగానండి."

"అందరి ముందా? నువ్వా?"

"ఆయ్."

ఆయన నా వైపు చూసి, మళ్ళీ చక్రాల వైపు చూశారు. "ఇంటికెళ్ళి ఇంత అన్నం పడెయ్యి. ఇప్పుడు ముద్ద దిగుద్ది" అన్నారు.

తెల్లవారాక మూలన రెండు గంపల రొయ్య తేలింది. మిగతాదంతా బతికింది. హాల్లో కరెంటు వచ్చేసరికి ఆట అయిపోయిందట, ఆఖరి పాట ఎవరూ వినలేదు. సగం మంది వెళ్ళకుండా చీకట్లోనే కూర్చుంటే, ఆ పాట భావమంతా టీచర్ గారు మాటల్లో చెప్పారట. మర్నాడు ఫోన్ చేసినప్పుడు "ఇరవై నిమిషాలే అన్నాను చూశావా, నాకు బుద్ధి లేకపోయింది" అన్నారావిడ. కథ ముందే తెలిస్తే ఇంకేం చూస్తారని అడిగిన మనిషికి ఇప్పుడు జవాబు చెప్పగలననుకుంటాను. ఆ అక్క చనిపోతుందని ముందే తెలుసు కనుకే, ఊపిరి బిగబట్టి అయినా మేం కూర్చుని వినగలిగాం. ఆటోలో ఉన్న ఆ అరగంట ఏమవుతుందో తెలియలేదు, ఎవరైనా ముందే చెప్పేస్తే బాగుండునని దారంతా అనుకున్నాను. నాలుగో ఆదివారం ఆట అద్దె జనరేటర్‌తో ఉంచుదామని కమిటీ పెద్దాయనే అన్నారట. నేను వెళ్తున్నాను, ఈసారి మా ఆయన కూడా వస్తానన్నారు, పట్టుబడి అయిపోతుంది కనుక.

మీ ఊళ్ళో కూడా ఇలాంటివి వేయాలనుకుంటే నేను చెప్పేది ఒకటే. పెళ్ళిళ్ళకి షామియానాలు ఇచ్చే వాళ్ళ దగ్గర జనరేటర్ అద్దెకు దొరుకుతుంది, వారం ముందే మాట్లాడి పెట్టుకోండి. ఏ చెరువు గట్టు మీది దాన్నీ అడక్కండి, ఎవరైనా తామంతట తామే ఇస్తామన్నా తీసుకోకండి.