పోస్టుకార్డంత సందు

మా దవాఖాన మిస్త్రీ చనిపోయి ఇరవై రోజులైంది. వారం రోజులు జ్వరంతో పడుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "మిస్త్రీ పోయిండమ్మా" అన్నప్పుడు నేను మందు సీసాలు కడుగుతున్నాను. చేతిలో ఉన్న సీసా కడిగి, బోర్లించి, ఆ తర్వాత కూర్చున్నాను.

నేను రాతలు రాసే మనిషిని కాను. మిషన్ బడిలో హైస్కూలు దాకా చదివి, ఆ చదువుతో ఇబ్రహీంపట్నం మిషన్ దవాఖానలో మందులిస్తూ, రిజిస్టరు రాస్తూ యాభై ఏళ్ల దాన్నయ్యాను. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఒక ఇనుప డబ్బా. మొన్న మిస్త్రీ భార్య దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఆయన పనిముట్లక్కా. దవాఖానయి. మాకెందుకు?" అని వెళ్లిపోయింది. అందులో ఏముందో చూశాక, ప్రార్థనలో చెప్పుకుంటే సరిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్నది సరిపోదని తెలిసింది.

మిస్త్రీ మా మోటారుకారు నడిపేవాడు, బాగుచేసేవాడూ ఆయనే. కారు మా డాక్టరు దొరసానిది. గొడవలు ముదిరి ఆమె ఊరు విడిచి వెళ్లాక రెండేళ్లు పాక కింద పడి ఉండి, ఇంజను పట్టేసింది. ఆయన దాన్ని ముసలిది అనేవాడు. ఇంజను మీది మూత ఎత్తే ముందు చెప్పులు విడిచేవాడు. ఇంజను తిరుగుతుంటే ఒక కట్టెపుల్ల దానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. భార్య సద్ది తెచ్చి పక్కన నిలబడితే కూడా తెలిసేది కాదు.

"నా గుండె గిట్ల ఎన్నడన్న విన్నడా అడుగక్కా" అనేదామె నాతో.

"నీది సప్పుడు జేస్తనే ఉంటది. వినుడెందుకు?" అనేవాడు కళ్లు తెరవకుండానే.

వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ కూతురికి మొదటి కాన్పులో పిల్లవాడు దక్కలేదు, ఆమె దక్కడమే గొప్పయింది. రెండోసారి మాత్రం నగరంలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందే, లేకపోతే తల్లి కూడా దక్కదు అని దొరసాని వెళ్లేముందు గట్టిగా చెప్పింది. ఆ బిడ్డ మళ్లీ గర్భంతో పుట్టింటికి వచ్చింది. చవితి దాటాక నెలలు నిండుతాయి. ఎడ్లబండి మీద నగరానికి ఒక పగలంతా పడుతుంది. అందుకే, రెండేళ్ల కిందటి ఆ ఎండాకాలం మిస్త్రీ ముసలిదాన్ని విప్పి, ప్రతి ముక్కా కడిగి, కొత్తగా కట్టడం మొదలుపెట్టాడు.

అవి ఏదీ దొరకని రోజులు. బయటినుంచి సామాను రావడం ఆగిపోయింది. ఒకవైపు రజాకార్లు, ఇంకోవైపు సంఘపోళ్లనే కమ్యూనిస్టుల కోసం వెదుకులాటలు, దారి పొడవునా బండ్లు ఆపి సోదా చేసే నాకాలు. పాత లారీ విప్పిన సామానుతోనే ఆయన ఇంజను నిలబెట్టాడు. చివరికి వాల్వుల దగ్గర ఆగింది. వాల్వంటే ఇంజను ఊపిరి పీల్చి వదిలే మూత. దాని కింద సన్నని సందు ఉంచాలి. ఆ సందు కొలిచే ఉక్కురేకులు ఒక నాకాలో సోదా చేసినప్పుడు పోయాయి.

"చెల్లె, ఒక పోస్టుకార్డు ఉంటే ఇయ్యి. గంత మందం సాలు. కోసి కొలుస్త" అన్నాడు.

నా దగ్గర ఒక్క కార్డుంది. బైబిలులో దాచుకున్నాను. వరంగల్ వైపు పల్లెలో ఉన్న మా చెల్లెలి దగ్గరినుంచి ఏడాదిగా ఉత్తరం లేదు, అది దవాఖానలో అందరికీ తెలుసు. ఆమె ఎక్కడుందో తెలిసిన రోజు రాయాలని ఉంచుకున్నాను. కార్డులు దొరకడం లేదు. మిస్త్రీ అడగ్గానే నా నోటినుంచి "లేదన్నా" అని వచ్చింది. అడిగితే కారణం చెప్పేదాన్నే. అడగలేదు. నేను మందు డబ్బా అట్ట కోసి ఇచ్చాను.

ఆయన వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "జర సన్నగున్నట్టున్నది?"

"గంతే ఉంటదన్నా."

"సదువుకున్నదానివి. కాగితం సంగతి నాకంటె నీకెర్క" అని తీసుకుపోయాడు.

నిజం చెబుతున్నాను, కాగితానికీ కాగితానికీ తేడా వల్ల ఏదో అవుతుందని నాకు తెలియదు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. మంగల్‌పల్లి దాటేవరకు మెత్తగా పోయింది. వేడెక్కాక గుటకలు వేసి, బలం పోయి, ఆగింది. గంట చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచింది. రోజూ అదే వరస.

"పొద్దుగాల పెండ్లిపిల్ల, పగటీలికి అత్తమ్మ" అని నవ్వేవాడు మొదట్లో. తర్వాత నవ్వడం మానేశాడు. పెట్రోలులో కిరసనాయిలు కలిసిందేమోనని గుడ్డతో వడగట్టాడు. పెట్రోలు గొట్టానికి తడి గోనె చుట్టాడు. నీళ్లదారి కడిగాడు. లారీ ఎక్కి నగరానికి పోయి నిప్పురవ్వ పుట్టించే కాయిలు వేరేది తెచ్చి బిగించాడు. ఏదీ లాభం లేకపోయింది. వాల్వుల సందు మీద కూడా అనుమానం వచ్చింది ఆయనకు. మూడుసార్లు విప్పి కొలిచాడు. నేనిచ్చిన ముక్కతోనే కొలిచాడు. మూడుసార్లూ సరిగ్గా పట్టింది. దాంతో ఆ అనుమానం వదిలేశాడు.

"నీ దేవునికి గూడ ముసలిదాని గురించి జర చెప్పు చెల్లె" అన్నాడొకరోజు. చెప్పాను. రోజూ బైబిలు మీద చేతులు పెట్టి ఆ ఇంజను కోసం, ఆ బిడ్డ కోసం ప్రార్థించాను. కార్డు ఆ పుస్తకంలోనే ఉంది.

కాయిలు కోసం నగరానికి పోయివచ్చిన రోజు అంగీ జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి నాకిచ్చాడు. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చాడు. "నీ దగ్గర లేదంటివి గద. నాకైతే కొలుసుడు అయిపాయె. మీ చెల్లెకు రాసుకో." తీసుకున్నాను. దాన్ని కూడా మొదటిదాని పక్కనే పెట్టాను.

పోలీసు యాక్షన్ వారంలోనే మిస్త్రీ బిడ్డకు నొప్పులు వచ్చాయి. ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు మీద మనిషి లేడు. వెనక సీటులో తల్లి ఒడిలో ఆమెను పడుకోబెట్టి, నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. తుర్కయాంజాల్ దాటి ఎత్తు ఎక్కుతుంటే కారు ఆగింది. మిస్త్రీ దిగి మూత ఎత్తాడు. ఆ రోజు చెప్పులు విడవలేదు.

"ఎంతసేపైతది బాపు?"

"జర సల్లారనీ బిడ్డా."

"ముసలిదాన్ని తిట్టకు. అలిగితె ఇంకింత ఆల్చం జేస్తది" అందామె, నొప్పి మధ్యలో.

ఇంకో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా అందరం ఇంజను చల్లారడం కోసం చూస్తూ కూర్చున్నాం. పొద్దుగూకే వేళకు పెద్దాసుపత్రి చేరాం. పిల్లవాడు లోపలే పోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. "ఒక్క రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే" అని అక్కడి నర్సు నాతో అంది. తండ్రితో అనలేదు. అనకపోయినా ఆయన లెక్క ఆయనకు తెలుసు.

తిరిగి వచ్చాక కారు పాకలోనే ఉండిపోయింది. కొన్ని నెలలకు దారులు తెరుచుకుని సామాను రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం నేను మంచినీళ్లు ఇవ్వబోతే, ఆయన ఇంజను పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో కొత్త ఉక్కురేకు, ఇంకో చేతిలో నా అట్టముక్క.

"వేడికి ఇనుమైనా ఉబ్బుతది చెల్లె" అన్నాడు నెమ్మదిగా. "జర సందు ఇడ్వాలె. ఇడ్వకుంటె వాల్వు మూత పూరాగ మూసుకోదు. దమ్ము పోతది."

నేను చెంబుతో దగ్గరికి వెళ్లాను.

"గీ ముక్క ఏడికెల్లి కోసినవ్?"

"మందు డబ్బాదన్నా."

"అవ్. మందు డబ్బాది సన్నగుంటది." ముక్కను మళ్లీ వేళ్ల మధ్య రుద్ది, "నేను గూడ పట్టి చూస్తి గద. నా యేళ్లకు తెల్వాలె" అన్నాడు.

తప్పు తన వేళ్ల మీద వేసుకున్నాడు. కార్డు ఉండి లేదన్నానని అప్పుడు చెప్పవలసింది. నీళ్ల చెంబు అక్కడ పెట్టి వచ్చేశాను. తర్వాత ఏడాదిపాటు ఆయన రోజూ దవాఖానకు వచ్చాడు. "మంచిగున్నవా చెల్లె" అని రోజూ అడిగాడు. ఆ మాటలో ఒక్కనాడూ తేడా లేదు.

ఇనుప డబ్బా తెరిచి చూస్తే, అడుగున శుభ్రమైన బట్టలో చుట్టిన ఉక్కురేకులు, వాటితోపాటు నూనె మరకల అట్టముక్క. పారేయలేదు. ఎందుకుంచాడో అడగడానికి ఆయన లేడు. నేను బైబిలులోంచి కార్డు తీసి ఒక చేత్తో, ముక్క ఇంకో చేత్తో పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. పట్టగానే తెలిసింది. ఆ రోజు కూడా ఇంత తేడానే ఉండి ఉంటుంది. నేను పట్టి చూడలేదు.

మా చెల్లెలి జాడ ఇంతవరకూ తెలియలేదు. దేవుడు క్షమిస్తాడని నేను ఇతరులకు చెప్పిన మాట నాకు చెప్పుకుందామంటే నోరు రావడం లేదు. మిస్త్రీ భార్య కాళ్ల నొప్పులకు మందు కోసం వస్తూనే ఉంది, నా చెయ్యి పట్టుకునే మెట్లు దిగుతుంది. కొత్త రేకుతో మిస్త్రీ సందు సరిచేసిన కారును ఇప్పుడు వేరే డ్రైవరు నడుపుతున్నాడు. మొన్న ఒక రోగితో నేనూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, మండే ఎండలో తుర్కయాంజాల్ ఎత్తు ఒక్క గుటక వేయకుండా ఎక్కేసింది.

నా తర్వాత ఈ కాగితాలు ఎవరికి దొరికినా, చింపకుండా దాచండి. ఎవరికీ చూపవద్దు, మిస్త్రీ భార్యకు అసలే వద్దు. అట్టముక్క, రెండు కార్డులు వీటి మధ్యనే పెడుతున్నాను. కార్డుల మీద ఏమీ రాయలేదు.