ఇస్నాపూర్ దగ్గర ఆగని కారు

మా మరిది పోయాడు. పొద్దున్నే అమెరికా నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "పెద్దమ్మా, నాన్న నిద్రలోనే..." అని ఆగిపోయింది. అప్పుడు నేను ఇంటి వెనక దండెం మీద తడిచీర ఆరేస్తున్నాను. ఏడవాలని తెలుసు. కానీ నా నోట్లోంచి ముందు వచ్చిన మాట, "అదేంటమ్మా, వచ్చేసారి వస్తానన్నాడుగా!" ఆ పిల్ల దాన్ని దుఃఖమే అనుకుంది. దుఃఖమే, కాదనను. అందులో కోపం పాలు కాస్త ఎక్కువ. పోట్లాట మధ్యలో ఉండగా ఎదుటి మనిషి లేచి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలని మా మనవరాలు హెచ్చరించింది. మంచి రాయడానికే కూర్చున్నాను. మిగతాది దానంతటదే వస్తోంది.

ఇంగ్లీషు పేపర్లో ఫోటో వేశారు. సర్జన్, పారిశ్రామికవేత్త, ఇన్వెస్టర్, ఇంకా ఏవేవో. అన్నీ నిజమే. నాకు తెలిసిన మనిషి మాత్రం అందులో తగల్లేదు.

మేం కృష్ణా జిల్లా వాళ్ళం. మావారికి భానూరు దగ్గర ప్లాంటులో ఉద్యోగం వస్తే ఇటు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నేను సంగారెడ్డి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. మా మరిది మెడిసిన్ చదివే రోజుల్లో సెలవులకి మా క్వార్టర్‌కే వచ్చేవాడు. సర్జన్ కావాలంటే ఒంటిచేత్తో ముడి వేయడం రావాలట. కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో కుర్చీ కాలికి దారంతో ముడులు వేసేవాడు. కిటికీ ఊచలు, కరివేపాకు కట్ట, ఒకరోజు నా జడ కొస కూడా. "రేపు క్లాసుంది నాయనా, ఇప్పుడు దీన్ని కత్తిరించుకోవాలా?" అంటే, "ఊడేది ముడి ఎలా అవుతుంది వదినా?" అని నవ్వేవాడు. కత్తిరించుకున్నాను. కొద్దిగానే లెండి.

తర్వాత అమెరికా వెళ్ళాడు. అక్కడ మొదట్లో తన పేరు పలకలేక పేషెంట్లు వేరే డాక్టర్ని అడిగేవాళ్ళట. అందుకని తన పేరుకి తనే ఆపరేషన్ చేసి రెండక్షరాలకి కుదించుకున్నాడు. కాలిన గాయాల వార్డు ఎవరూ కోరుకోరు, కొత్తగా వచ్చినవాడికి అదే ఇస్తారు. ఇతను ఇష్టంగా అందులోనే పాతికేళ్ళు ఉండిపోయాడు. "కాలిన చోట గాలి కూడా కత్తే వదినా" అనేవాడు. "చర్మం ఉన్నంతకాలం అదొకటి ఉందని మనిషికి తెలీదు" అని కూడా. వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒకటి కట్టి వెళ్ళేవాడు. మావారు పటాన్‌చెరులో కట్టించిన ఈ ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత మట్టి మిగిలింది. అక్కడి దండెం అతను కట్టిందే.

యాభై దాటాక ఉద్యోగం మానేసి తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావయ్యా అంటే, "అక్కడ కాలినవాడికి అన్నీ ఉన్నాయి. ఇక్కడ కాలినవాడికి నేను కూడా లేను" అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను. ఇక్కడ బతికేవాళ్ళెవరైనా పడిపోతారు. మా చుట్టూ రియాక్టర్లు, ఆసిడ్ డ్రమ్ములు, స్టీమ్ పైపులు. వాటి దగ్గర నిలబడే వాళ్ళలో సగం నా స్టూడెంట్ల అన్నలో తమ్ముళ్ళో.

అతని ఆలోచన మంచిది. కాన్పు తర్వాత పడే మావికి ఉల్లిపొరలాంటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. శుభ్రం చేసి, ఆరబెట్టి, క్రిములు లేకుండా చేసి కాలిన గాయం మీద పరిస్తే మంట తగ్గుతుంది, తొందరగా మానుతుంది. అదేం కొత్త సంగతి కాదు, నేనూ పాఠంలో చెప్పినదే. దాన్ని ఇక్కడే చవగ్గా చేద్దామని ఇస్నాపూర్ దాటాక ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. అంతకుముందు అందులో ప్లాస్టిక్ పైపులు చేసేవాళ్ళు.

యంత్రాలు వచ్చాయి. మావి రాలేదు. ఆస్పత్రిలో కాన్పయినా సరే, ఇక్కడి ఊళ్ళ వాళ్ళు దాన్ని, వాళ్ళ మాటలో మాయని, అడిగి ఇంటికి తీసుకెళ్ళి, కుండలో పెట్టి ఉప్పూ పసుపూ వేసి, ఇంటి మట్టిలో పాతిపెడతారు. కుక్క తవ్వితే బిడ్డకి కీడని భయం. మా మరిది ఏం చేశాడు? ఇస్నాపూర్‌లో ఆడవాళ్ళని కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, చెత్తలోకి పోయేదాన్ని దానం చేయండి అన్నాడు. ముందు వరసలోంచి సత్తెమ్మ లేచింది. ఆమె కోడలు అప్పుడు నిండు నెలల్లో ఉంది.

"చెత్తనా? మా బిడ్డతోని కడుపుల తొమ్మిది నెలలున్నది నీకు చెత్తనా సారు? నడువుండ్రే" అంది. అందరూ నడిచారు. తెర మీద బొమ్మ, దాని ముందు మా మరిది మిగిలారు.

మర్నాడు నేను సత్తెమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె చిన్న కూతురు నా దగ్గర చదువుకుంది, అందుకని టీ ఇచ్చింది. దానం గీనం నేను ఎత్తలేదు. "పొర ఒక్కటే తీసుకుంటారు. మిగతాదంతా బొడ్డుపేగుతో సహా పసుపుగుడ్డలో కట్టి మీకు తిరిగిస్తారు, అది మీ మట్టిలో పెట్టుకోండి. ఆ పొర ఎక్కడికీ పోదు. ఇక్కడి బిడ్డ మావి ఇక్కడి మనిషి గాయానికే" అన్నాను.

"ఎవరి మాట ఇది? సారు మాటనా, నీ మాటనా?"

"నా మాట."

"గట్లయితె సరే" అంది. మా మరిదికి చెప్తే చిన్నపిల్లాడిలా గంతేశాడు. "ఇదే రూలు వదినా. నేనున్నంత కాలం మారదు" అన్నాడు. నన్ను నమ్మి ఆ ఆడవాళ్ళు ఇచ్చారు. అతన్ని నమ్మి నేను అడిగాను. మొదట్లో పసుపుగుడ్డ మూటలన్నీ అతనే కట్టేవాడు. ఆ ముడులు చూసి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "దీన్ని ఇప్పాలంటే మల్ల డాక్టరే రావాలె!"

సత్తెమ్మ కొడుకు మల్లేశ్‌కి ప్రమాదం జరిగింది ఆ తర్వాతే. స్టీమ్ పైపు పగిలి రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. మా మరిది పటాన్‌చెరు నర్సింగ్ హోమ్‌లో రోజూ తనే ఆ పొరలు పరిచి కట్టు కట్టాడు. నేను చూశాను. చేతులు కడుక్కునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, కట్టు విప్పేటప్పుడు మాట ఆపేవాడు కాదు. "ఏం మల్లేశూ, పెళ్ళాం మీద చెయ్యెత్తుతావా?" "లేదు సార్, ఆమెనే ఎత్తుతది." "అయితే తొందరగా మానాలి, అడ్డం పెట్టుకోవాలి కదా." వాడు ఏడుస్తూ నవ్వేవాడు. గాయాలు మానాక వేళ్ళు బిగుసుకుపోకుండా దారం ఇచ్చి ఒంటిచేత్తో ముడి నేర్పించాడు. మావారు, నేను, కన్నకూతురు, ఎవరం నేర్పమన్నా నేర్పనివాడు వాడికి నేర్పాడు. ఈ మనిషి గురించి ఇక్కడితో ఆపేస్తే నా మనవరాలు సంతోషిస్తుంది.

ఐదారేళ్ళు తిరిగేసరికి ఇన్వెస్టర్లు వచ్చారు. షెడ్డు స్థానంలో తెల్లటి భవనం లేచింది. మూటలు కట్టే పని ఎవరికో అప్పగించాడు. మాటల్లో గాయం అనే మాట తగ్గి మార్కెట్ అనే మాట పెరిగింది. తను కూడా వేరేవాళ్ళ కంపెనీల్లో డబ్బు పెట్టడం మొదలెట్టాడు. మంచిదే కదా, పెరుగుతున్నాడు అనుకున్నాను. పెరిగేవాణ్ణి అనుమానించడం మా ఇంట్లో అలవాటు లేదు.

పోయిన వానాకాలంలో హైదరాబాద్‌లో ఏదో పెద్ద సభ ఉందని, నువ్వు రావాల్సిందే వదినా అని కారు పంపాడు. పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. వేదిక మీద అతని వెనక ఇంతెత్తున ఫోటో. చూద్దును కదా, సత్తెమ్మ! పసుపుగుడ్డ మూట పట్టుకుని. ఆమె గురించి, నా గురించి చాలా అందంగా చెప్పాడు. నమ్మకమే మా మొదటి పెట్టుబడి అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు. నా కళ్ళలో నీళ్ళు.

పక్క కుర్చీలో కుర్రాడు వంగి, "మంచి సమయంలో అమ్మేశారు మేడమ్, చాలా తెలివైనవారు" అన్నాడు.

"ఏం అమ్మాడు బాబూ?"

"కంపెనీ. మీకు తెలీదా? బయటి దేశం వాళ్ళు కొన్నారు. ఇప్పుడా పొరలన్నీ ముఖం ముడతల ట్రీట్‌మెంట్‌కి వెళ్తాయి. కాలిన గాయాల లైన్ ఆపేశారు. అందులో ఏముంది మేడమ్!"

చప్పట్లు ఇంకా అవుతూనే ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తుడుచుకోవాలా ఉంచుకోవాలా తెలీలేదు.

నన్ను ఇంట్లో దింపడానికి తనే వచ్చాడు. చందానగర్ దాటేదాకా నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఏమిటో అతనికి తెలుసు.

"అది బోర్డు నిర్ణయం వదినా."

"ఇస్నాపూర్‌లో సత్తెమ్మకి మాటిచ్చింది బోర్డా?"

"కాలేవాళ్ళు కొనలేరు. కొనేవాళ్ళు కాలరు. కంపెనీ ఎలా నడపను చెప్పు?"

"నడపలేకపోతే మూసెయ్. తలుపు దగ్గర నన్ను నిలబెట్టి లోపల అమ్మేయడమేంటి? ఇవాళ కూడా ఆస్పత్రిలో ఏ పిల్లో నా పేరు తలుచుకుని ఇచ్చి ఉంటుంది. అది ఎవరి బుగ్గ మీదకి పోతోంది?"

కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఊడేది ముడి ఎలా అవుతుందయ్యా?" అన్నాను. అప్పుడు నా వైపు తిరిగాడు. పాపం, ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూసి కరిగిపోయే వయసు నాది కాదు. "డ్రైవరూ, ఇంటికి కాదు, తిన్నగా ఇస్నాపూర్ పోనీ" అన్నాను. "సత్తెమ్మ ఇల్లు చూపిస్తాను. వేదిక మీద చెప్పావుగా, అక్కడ కూడా నువ్వే చెప్పు. తిడుతుంది. పడు. తర్వాత టీ ఇస్తుంది."

ఇస్నాపూర్ కూడలి వచ్చింది. మిర్చి బజ్జీల బండి, షిఫ్ట్ దిగి గదులకి నడిచిపోతున్న కుర్రాళ్ళు. అతను వాచీ చూసుకున్నాడు. డ్రైవర్ అద్దంలోంచి అతని వైపు చూశాడు. మా మరిది తల అడ్డంగా ఊపాడు. కారు ఆగలేదు. ముందుకెళ్ళి మలుపు తిరిగి వెనక్కొచ్చి, మళ్ళీ అదే కూడలి దాటి మా ఇంటికి వచ్చింది. "ఫ్లైటుంది వదినా. వచ్చేసారి తప్పకుండా" అన్నాడు. దిగి కాళ్ళకి దండం పెట్టాడు. నేను దీవించలేదు.

మర్నాడు నేనొక్కదాన్నే ఆటోలో వెళ్ళాను. వాకిట్లో నిలబడే చెప్పాను. సత్తెమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీ మాట అంటివి గదా టీచరమ్మా" అంది, అంతే. టీ ఇవ్వలేదు. ఒక్కో ఇల్లూ తిరిగి, ఇంక ఇవ్వకండమ్మా అని చెప్పుకుంటూ వచ్చాను. ఆ తర్వాత ఇస్నాపూర్‌లో నాకు నమస్తేలు ఆగిపోయాయి. కూరగాయల బండి దగ్గర నేను కనిపిస్తే ఆడవాళ్ళు వంకాయల్ని చాలా శ్రద్ధగా చూసేవాళ్ళు. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళలో సంపాదించుకున్నది అదొక్కటే, ఆ పలకరింపు. మళ్ళీ అమెరికా చేరిన మా మరిది పండగలకి ఫోన్ చేసేవాడు. "వెళ్ళొచ్చావా?" అని నేను, "వచ్చేసారి" అని అతను. మా మధ్య ఇంకో మాట మిగల్లేదు. ఆఖరి ఫోన్‌లో దగ్గుతూ అన్నాడు, "ఆమె టీ ఇస్తుందంటావా వదినా?" "వచ్చి చూడు" అన్నాను.

రాలేదు. ఇంక రాడు.

కబురు తెలిసిన మూడో రోజు గేటు చప్పుడైంది. సత్తెమ్మ. వెనక మల్లేశ్, చేతుల్లో కొత్త కుండ.

"డాక్టర్ సారు పోయిండంట గదా?" అంది గేటు బయటే నిలబడి.

"పోయాడు."

"చేసిందైతే మంచిగ చెయ్యలే." వెనక్కి తిరిగి మల్లేశ్ వైపు చూసింది. "మా పోరని చేతులైతే నిలబెట్టిండు. రెండూ నిజమే. ఏం జేస్తం?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అసలు సంగతికి వచ్చింది. "నిన్న మల్లేశ్ పెద్దబిడ్డకు కాన్పయింది. ఆడపిల్ల. మాయ ఇంటికి తెచ్చుకున్నం. మా ఇంట్ల మన్నేడున్నది, అంత కిరాయి రూములాయె, సిమెంటాయె. నీ ఇంటెన్క జెర జాగ ఇస్తవా?"

గేటు తీశాను. గడ్డపార కూడా ఇచ్చాను. దండెం కింద మల్లేశ్ గొయ్యి తవ్వాడు. ముడతలు పడి మెరిసే ఆ చేతులు గడ్డపారని గట్టిగా పట్టుకున్నాయి. సత్తెమ్మ ఉప్పూ పసుపూ వేసి, కుండ మూతికి గుడ్డ కప్పి, దారం చుట్టబోయింది. పసుపు తడి వేళ్ళలోంచి దారం జారింది.

"ఇటియ్యే అమ్మా" అన్నాడు మల్లేశ్. ఎడమచేత్తో కుండని పొట్టకి ఆనించి పట్టుకుని, కుడిచేత్తో దారం అందుకున్నాడు. రెండు వేళ్ళు మడిచి, తిప్పి, లాగాడు.

సత్తెమ్మా నేనూ ఆ చెయ్యే చూస్తూ నిలబడ్డాం. తర్వాత కుండ లోపలికి దిగింది, మట్టి కప్పాం, పైన నా పాత రుబ్బురోలు దొర్లించాం.

"టీ పెడతాను, కూర్చో" అన్నాను.

"చక్కెర జెర ఎక్కువెయ్యి" అంది సత్తెమ్మ, అరుగు మీద కూర్చుంటూ. దండెం మీది తడిచీర నుంచి నీళ్ళు ఆ రాతి మీద ఒక్కో చుక్కా పడుతున్నాయి.