శివాద్వైతమూ, ఓ కాలర్ మైకూ

గోరంత మైకుతో ఒక మహాపండితుడి పుస్తకానికి ఎసరు పెట్టినవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూడండి. నేనే.

రెండువేల మూడో, నాలుగో. ఢిల్లీ మునిర్కాలో అద్దెగది, సంస్కృతంలో పరిశోధన. మా గురువుగారు ఆర్.కె. పురంలో కూతురి క్వార్టర్లో ఉంటూ కాశ్మీర శైవం చెప్పేవారు. సృష్టంతా శివుడే, ఆ శివుడివి నువ్వే అన్నది ఆ శాస్త్రం. నాకు రెండో సగం బాగా నచ్చింది.

గురువుగారికి చూపు మందగించింది. ఆయన చెప్పింది టేపులో పట్టడం, కూతురు వసుంధరక్క విని రాయడం, అలా పుస్తకం తయారవుతోంది. చివరి శ్లోకం మిగిలింది.

"దీని మర్మం మా గురువుగారు నాకొక్కడికే చెప్పారురా. రేపు చెప్పేస్తాను. ఓపిక అయిపోతోంది," అన్నారు.

"రికార్డింగు నాకొదిలెయ్యండి!" అని పాలికా బజార్‌కి పరిగెత్తి కాలర్ మైకు కొన్నాను. కొత్త మైకువాడు పొద్దెరగడు కదా! మర్నాడు దాన్ని నా చొక్కాకి తగిలించుకుని "హలో, హలో" అని చూసుకున్నాను. బ్రహ్మాండంగా పలికింది. ఇంతలో గురువుగారు శ్లోకం ఎత్తుకున్నారు. నేను ముందువరసలో, అంటే ఉన్న ఒక్క వరసలో, కూర్చుని తలూపడం మొదలెట్టాను.

గొంతు బొంగురుపోయేదాకా గంటన్నర చెప్పారు.

"వచ్చిందంటావా?"

"ప్రతి అక్షరం, గురువుగారూ!"

వసుంధరక్క టేపు పెట్టింది. ఎక్కడో దూరంగా దోమ. దగ్గరగా, సింహంలా నేను: "ఆహా!" దోమ. "అచ్ఛా!" దోమ. "అద్భుతం!" ఆ తర్వాత కరకర.

"ఇదేంటయ్యా?"

"జంతికలక్కా. మీరే పెట్టారుగా."

"మరి నాన్నగారేరీ?" అంటూ నా చొక్కా వైపు చూసింది. మైకు ఇంకా అక్కడే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు; నోరు మైకుకి దగ్గరైతే ఏమవుతుందో పెద్దలు చెప్పలేదు. అక్క కళ్ళల్లో నీళ్ళు చూసి నాకూ ఏడుపొచ్చింది.

గురువుగారి భుజాలు అదురుతున్నాయి. ఆయనా ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వు!

"తిట్టకే, వసూ. విశ్వమంతా నేనే అనుకోమంది శాస్త్రం. మనవాడు క్యాసెట్టు దాకా వచ్చాడు."

మర్నాడు పాపం మళ్ళీ మొత్తం చెప్పారు. మైకు ఆయన కండువాకి అక్కే తగిలించింది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టారు, జంతికలు లేకుండా.

ఆనాడే శివుడి సాక్షిగా శపథం పట్టాను: ప్రాణం పోయినా పాఠంలో "ఆహా" అనను. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ముందువరసలో ఎవరైనా "ఆహా" అంటే చాలు, పాఠం ఆపి వాడి చొక్కా తడిమి చూస్తాను.