ముద్ర పడిన అర్జీ

బానోతు భీమ్లా ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక మండల కార్యాలయంలో రికార్డుల గదిలో పనిచేసి, వయసు మీరిన తరువాత, బూర్గంపాడుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో అడవి అంచున ఉన్న తమ తండాలో స్థిరపడ్డాడు. ఆయన అధికారి కాడు. గుమాస్తా కూడా కాడు. నెలకు ఇంత అని ముట్టే జీతమే తప్ప పింఛను లేని కొలువు. వచ్చిన ఉత్తరాలకు నంబరు వేయడం, ఫైళ్లు కట్టడం, పంపవలసిన ఉత్తరాలకు శుభ్రమైన నకలు రాయడం ఆయన విధులు. కంప్యూటర్లు వచ్చిన తరువాత సైతం నోటీసు బోర్డు మీది ప్రకటనలను భీమ్లా చేతనే రాయించేవారు. అక్షరం అంత గుండ్రంగా, పంక్తి అంత తిన్నగా ఉండేది.

తండాలో ఆయనకు గౌరవం దక్కినది జీతం వలన కాదు, అర్జీల వలన. పన్నెండేళ్ల క్రితం బొజ్జయ్య అనే రైతుకు, తాను దున్నుకుంటున్న పోడు భూమిని ఖాళీ చేయవలసిందిగా నోటీసు వచ్చింది. భీమ్లా అర్జీ రాసి, బొజ్జయ్యను వెంటబెట్టుకొని వెళ్లి, దానికి నంబరు వేయించి, నకలు మీద రసీదు ముద్ర కొట్టించి తెచ్చాడు. "దీనికి జవాబు వచ్చేదాక నీ జోలికి ఎవ్వడు రాడు. పోయి దున్నుకో," అన్నాడు. నిజంగానే ఎవరూ రాలేదు. బొజ్జయ్య నేటికీ అక్కడే పత్తి వేస్తున్నాడు. అర్జీ విచారణలో ఉన్నంతకాలం ఎదుటి పక్షం చేతులు కట్టుకొని కూర్చోవలసిందేనని భీమ్లా ఆనాడు మనసులో రాసి పెట్టుకున్నాడు. ఆ తరువాత ఎంతమందికో అదే మాట చెప్పాడు. చాలామటుకు అదే జరిగింది.

ఆయన ఒక్కగానొక్క కొడుకు తిరుపతి పాల్వంచ దారిలో ఒక ప్రైవేటు గోదాములో సూపర్‌వైజరు. ఇరవై ఎనిమిది వేల జీతం చూసి ఒక బ్యాంకు వారు అతనికి క్రెడిట్ కార్డు ఇచ్చారు. మొదట దానితో కొన్నది ఒక్క ఫ్రిజ్జు మాత్రమే. తరువాతి ఏడు, ఉన్న నాలుగు ఎకరాలలో రెండు బోర్లు వేయిస్తే రెండూ ఎండిపోయాయి, మూడవదానిలో నీళ్లు పడ్డాయి. పైపుల దుకాణంలో కార్డే గీకాడు. భార్య సరళకు కాన్పు కష్టమై ఆపరేషను చేయవలసి వచ్చినప్పుడు దవాఖానాలోనూ కార్డే గీకాడు. నెలనెలా కనీస మొత్తం కడితే చాలునని ఫోనులో చూపుతుంటే, అంతే కడుతూ వచ్చాడు. అదీ కట్టలేని నెలల్లో, కార్డు గీకి నగదు చేతికిచ్చే దుకాణానికి వెళ్లి, నూటికి మూడు రూపాయలు వాడికి వదులుకొని, ఆ నగదుతోనే కార్డుకు కట్టాడు. నాలుగేళ్లు గడిచేసరికి బాకీ మూడు లక్షల అరవై నాలుగు వేలకు చేరింది.

ఈ సంగతి ఇంట్లో తెలిసినది డిసెంబరు నెలలో, సరళ ఫోనుకు కూడా వసూలు వారి పిలుపులు రావడం మొదలైన తరువాత. భీమ్లా కొడుకును ఒక్క మాట తిట్టలేదు. ఆయన భార్య ద్వాలి మాత్రం తిట్టవలసినదంతా తిట్టింది.

"అట్టముక్క జేబుల పెట్టుకొని పెద్ద సేఠువైతివి కద బిడ్డా! రెండు బోర్లల్ల నీళ్లు రాలే గని, బ్యాంకోడు మాత్రం నీ మెడల బోరు ఏసిండు."

"ఇప్పుడేం జెయ్యమంటవే యాడీ? అయిపోయింది," అన్నాడు తిరుపతి తల్లితో.

"అయిపోతే ఇంకేంది? చావనియ్యి నన్ను," అని ఆమె మేకల దొడ్డిలోకి వెళ్లిపోయింది.

జనవరి మొదటి వారంలో, వసూలు ఏజెంటు రాజేష్ ఫోను చేశాడు. అంతకుముందు చేసినవారివలె అతడు బెదిరించలేదు. "తిరుపతి అన్నా, ఒకే దఫాల లక్షా అరవై ఐదు వేలు కట్టు. మొత్తం మాఫ్. కార్డు క్లోజ్. జనవరి ముప్పై ఒకటి లాస్ట్. మెసేజ్ పంపిన, చూస్కో," అన్నాడు.

సగానికన్నా తక్కువ! ఇంటిల్లిపాదీ కదిలారు. పత్తి అమ్మితే ఎనభై వేలు వచ్చాయి. మిర్చికి ఆ యేడు తామర పురుగు పట్టడంతో దాని మీద ఆశ లేకపోయింది. ద్వాలి తన మేకలన్నింటినీ యాభై వేలకు అమ్మింది. ఒక్క మేకపిల్లను కూడా ఉంచుకోలేదు. సరళ తన గొలుసు తీసి ఇచ్చింది. దానికి ముప్పై ఐదు వేలు. సరిగ్గా లక్షా అరవై ఐదు వేలు. జనవరి ఇరవై రెండవ తేదీ నాటికి ఆ సొమ్ము పెట్టెలో ఉంది. కట్టేస్తే ఇల్లు బయటపడుతుంది, చేను నిలుస్తుంది. తొమ్మిది రోజుల గడువు మిగిలి ఉంది.

ఆ ఉదయం భీమ్లా కొడుకును పిలిచి, ఆ మెసేజ్ చూపమన్నాడు. కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివాడు.

"దీని మీద సంతకం ఏది?"

"మెసేజ్‌ల సంతకం ఎట్ల ఉంటది బాపూ?"

"ఫైలు నంబరు లేదు. అధికారి పేరు లేదు, హోదా లేదు. రేపు ఇంత కట్టినంక, మిగిలింది గూడ కట్టుమంటే ఏం జూపిస్తవ్? రాజేష్ అనేటోడు ఎవ్వడు?"

తిరుపతి ఫోను వెనక్కి తీసుకున్నాడు. ఆ భయం అతనికీ ఉన్నదే. వసూలు వారి పేరుతో మోసపోయిన వారి కథలు అతడూ విన్నాడు.

"లిఖితపూర్వకంగ అడుగుదాం," అన్నాడు భీమ్లా. "అర్జీ ఇద్దాం. జవాబు కాగితం మీద వచ్చినంక కడదాం. గప్పటిదాక పైస గూడ కట్టొద్దు. అర్జీ పెండింగుల ఉంటే చర్య ఉండది."

"గడువు ముప్పై ఒకటే కద మామా?" అని సరళ వంటింటి గడపలోనుండి అడిగింది.

"గడువు అర్జీ ఇయ్యనోళ్లకు బిడ్డా," అన్నాడాయన, ఎంతో నెమ్మదిగా.

సరళ మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్లింది. ఆ తండాలో ఆయన మాట తప్పయిన సందర్భం ఆమెకు గుర్తు లేదు.

రెండు రోజులు కూర్చొని ఆయన అర్జీ రాశాడు. విషయము, సూచిక, కుటుంబ పరిస్థితి, రెండు బోర్ల వైఫల్యము, కోడలి శస్త్రచికిత్స, ఒకే దఫా పరిష్కారమును లిఖితపూర్వకముగా ధ్రువీకరించవలసినదిగా మనవి: మొత్తం రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా. నదికి ఆవల భద్రాచలంలో ఉన్న ఆ బ్యాంకు శాఖకు కొడుకు బండి వెనుక కూర్చొని వెళ్లి, కౌంటరు వద్ద వరుసలో భీమ్లా తానే నిలబడ్డాడు.

కౌంటరులో హైమ అనే ఉద్యోగిని కాగితం అందుకొని, మొదటి పంక్తి చదివి, తిరిగి ఇచ్చివేసింది. "పెద్దాయనా, కార్డుల పని ఇక్కడ కాదు. ఆ డిపార్టుమెంటు వేరే. మీకు ఫోన్ చేసినోళ్లతోనే మాట్లాడండి."

"అమ్మా, మంజూరు చెయ్యమని అడుగుత లేను. స్వీకరించమని అడుగుతున్న."

"స్వీకరించినా నేను చేసేదేం లేదు."

"స్వీకరిస్తే చాలు."

వెనుక వరుస పెరుగుతోంది. ఆమె ముద్ర తీసి నకలు మీద కొట్టి, తేదీ వేసి ఇచ్చింది. "ఆ డేటు లోపల కట్టేసుకుంటే మంచిది, చెప్తున్నా," అని కూడా అంది. భీమ్లా నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. గోదావరి వంతెన మీద వస్తున్నంతసేపూ ఆయన ఆ నకలును చొక్కా లోపల ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. ముద్ర నిండుగా, అంచులు చెదరకుండా పడిందని కొడుకుకు రెండుసార్లు చెప్పాడు.

జనవరి ముప్పై ఒకటి వచ్చింది, పోయింది. ఆ సాయంత్రం రాజేష్ నాలుగుసార్లు ఫోను చేశాడు. తండ్రి చెప్పినట్లే తిరుపతి ఒక్కసారి తీసి, "అర్జీ పెట్టినం, జవాబు రావాలె," అన్నాడు.

"ఏం అర్జీ అన్నా? ఎవరికి వెట్టినవ్?" అని రాజేష్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆఫర్ ఈ రాత్రికి పోతది. నాకేం రాదు, నీకే నష్టం."

ఫిబ్రవరిలో భీమ్లా ప్రతిరోజూ పదకొండు గంటలకు రోడ్డు మీదకు వెళ్లి తపాలా మనిషి కోసం నిలబడేవాడు. జవాబు రాలేదు. బాకీ మాత్రం ప్రతి నెలా పెరిగింది. వసూలు పని రాజేష్ చేతినుండి వేరెవరికో మారింది. వారు తిరుపతి ఫోనులోని పేర్లన్నింటికీ ఫోను చేశారు. మేనమామకు చేశారు, సరళ తల్లికి చేశారు, చివరకు గోదాము యజమానికి రోజుకు ఆరేడుసార్లు చేశారు. యజమాని తిరుపతిని పిలిచి, "నీ లొల్లి నువ్వు తీర్చుకొని రా. అప్పుడు చూద్దాం," అన్నాడు. జీతం ఆగిపోయింది. పెట్టెలోని సొమ్ములో యాభై ఐదు వేలు తిండికి, పసిపిల్ల మందులకు, పంట రుణం వడ్డీకి కరిగిపోయాయి.

మార్చి రెండవ వారంలో తిరుపతి తండ్రికి చెప్పకుండా రాజేష్ నంబరుకు తానే ఫోను చేసి బతిమాలాడు. రాజేష్ కనుక్కొని రెండు రోజులకు చెప్పాడు: రెండు లక్షల తొంభై వేలు, మార్చి ముప్పై ఒకటి లోపల. ఆ తరువాత కేసు.

"జనవరిల కట్టుంటే," అని తిరుపతి ఆ పూట అన్నం ముందు కూర్చొని మొదలుపెట్టి, తల్లి చేయి ఎత్తి వారించడంతో ఆగిపోయాడు.

"అను," అన్నాడు భీమ్లా. "అననియ్యి ద్వాలీ. వాడు అనాలె."

ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆయనకు భరించరానిదైంది. ఆ రోజుల్లోనే బొజ్జయ్య కొడుకు ఏదో నోటీసుకు అర్జీ రాయించుకుందామని వస్తే, చేయి నొప్పిగా ఉందని చెప్పి పంపివేశాడు.

తక్కువపడిన లక్షా ఎనభై వేలకు చేను తప్ప దారి లేదు. గిరిజనుల భూమిని గిరిజనులే కొనాలి; కొనగలవారు తండాలో లేరు. దమ్మపేట వైపునుండి వచ్చి చుట్టుపక్కల మిర్చి సాగు చేయించే మురళీకృష్ణ సంగతి కోటేష్ అనే మధ్యవర్తి చెప్పాడు. నాలుగు ఎకరాలు, ఐదేళ్లు, ఎకరాకు ఏడాదికి తొమ్మిది వేలు, మొత్తం ముందే. నీరున్న భూమికి పదిహేను వేలకు తక్కువ కౌలు లేదని అందరికీ తెలుసు. మురళీకృష్ణకూ తెలుసు.

మార్చి ముప్పైన అతడు కోటేష్‌ను వెంటబెట్టుకొని, నగదు సంచితో వచ్చాడు. మంచం మీద కూర్చొని మంచినీళ్లు తాగి, మర్యాదగానే మాట్లాడాడు.

"భీమ్లా గారూ, మీకు తెలియనిది కాదు. కౌలు అని రాస్తే ఈ ఏరియాలో మాబోటి వాళ్లకు చెల్లదు. అందుకని నా దగ్గర చేబదులు తీసుకున్నట్టు నోటు రాసేద్దాం. ఐదేళ్లు చేను నేను చేసుకుంటాను. అది అయ్యాక మీ నోటు మీ ముందే చింపేస్తాను. నోటిమాట."

భీమ్లాకు తెలియనిది కాదు. గిరిజనేతరులకు ఈ ప్రాంతంలో గిరిజనుల భూమిని కౌలుకు ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమని తెలిపే ప్రకటనను ఆయన తన చేతితోనే ఎన్నిమార్లు నకలు రాశాడో లెక్క లేదు. ఆయన కోటేష్ వైపు చూశాడు. కోటేష్ నోటు కాగితం, కలం ముందుకు జరిపాడు.

"మీరే రాయండి," అన్నాడు మురళీకృష్ణ. "మీ అక్షరం ముత్యాలని చెప్పారు."

ఆయన రాశాడు. కుటుంబ అవసరముల నిమిత్తము ఈ దినమున మీ వద్ద రొక్కముగా పుచ్చుకొన్న అక్షరాల ఒక లక్షా ఎనభై వేల రూపాయలు, వడ్డీతో సహా మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను. పంక్తి ఎక్కడా వంకరపోలేదు.

గుంజకు ఆనుకొని నిలబడిన ద్వాలి, "చదువు," అంది. ఆయన చదివాడు. ఆమె ఇంకా ఉంటుందేమోనని ఆగింది.

"అయిపోయిందా? ఇందుల మన చేను పేరు ఏడుంది?"

"లేదు."

"ఐదేండ్లు అని ఉన్నదా?"

"లేదు."

"బాకీ తీర్చెటందుకు ఇంకో బాకీ కాగితం రాసినవా? రేపు ఈ సారు చేను ఇడువనంటే, ఏం జూపించి అడుగుతవ్?"

మురళీకృష్ణ నవ్వబోయి, "అంతదాకా ఎందుకొస్తుందమ్మా," అన్నాడు. భీమ్లా ఆమె వైపు చూడలేదు. జనవరిలో కొడుకును తాను అడిగినది ఇదే ప్రశ్న. అప్పుడు అడగకూడనిది అడిగాడు. ఇప్పుడు అడగవలసినది అడిగే హక్కు పోగొట్టుకున్నాడు.

"పెట్టు బాపూ," అన్నాడు తిరుపతి, తల వంచుకొని. "రేపు ఒక్క దినమే ఉన్నది."

ఆయన సంతకం పెట్టాడు. మర్నాడు బాకీ కట్టడమైంది. కార్డు మూసివేసినట్లు తిరుపతి ఫోనుకు మెసేజ్ వచ్చింది. దాని మీద కూడా సంతకం లేదు. అతడు దానిని తండ్రికి చూపలేదు, తండ్రీ అడగలేదు.

మురళీకృష్ణ మనుషులు ట్రాక్టరు తోలుకొని ఏప్రిల్ రెండున వస్తారని కోటేష్ కబురు చేశాడు. ఒకటో తేదీ పొద్దున్నే ద్వాలి గోనెసంచి దులిపింది.

"ఏడికి అత్తా?" అని సరళ అడిగింది.

"పురుగు తిన్నది పోను మిర్చి చెట్లకు గింత కాయ ఉన్నది. ఇయ్యాల కోసుకుందాం. రేపు కోస్తే దొంగతనమంటరు."

అత్తాకోడళ్లు చేను వైపు నడిచారు. కొంతసేపటికి భీమ్లా కూడా లేచి, తలకు తువ్వాలు చుట్టుకొని వెళ్లి, వారి పక్క సాలులో వంగి, ఒక్కొక్క కాయనే కోయడం మొదలుపెట్టాడు. ద్వాలి ఆయనను చూసింది. సంచిని ఆయన చేతికి అందేంత దగ్గరకు జరిపింది.