పట్నం చూడని పట్నమవ్వ

"పట్నమవ్వ పోయిందమ్మా" అని మొన్న పొద్దున పాలు పోస్తూ పాలామె చెప్పింది. అమ్మ "పాపం" అని, వెంటనే గొంతు తగ్గించి, "ఎవరెవరు పోయిండ్రు ఆడికి?" అని అడిగింది. మా సూర్యాపేటలో ఇప్పుడు చావుకు ఎవరు వెళ్లారో కూడా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటున్నారు.

ఆమె మా వాడకట్టు మంత్రసాని. మిర్యాలగూడ దాటి ఎన్నడూ పోలేదు. మేం పట్నం అనేది హైదరాబాదునే. ఆ పట్నాన్ని ఆమె చూడనే లేదు. మరి ఆ పేరు తెచ్చిన మాట ఎవరిదో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే.

నన్ను భూమ్మీదికి తెచ్చింది ఆ చేతులే. ఏ ఇంటికి వెళ్లినా గడప బయటే చేతులు కడుక్కుని, మోచేతుల దాకా ఆముదం రాసుకుని, "లోపల ఒక్కరేనా, ఇద్దరున్నరా?" అని నవ్వేది.

నేను హైదరాబాదులో ఇంగ్లీషు బడిలో చదివాను. ఊళ్లలో నిజాం మీద గొడవలు ముదిరాక బాపు ఇంటికి తెచ్చేశాడు. "నీకు ఇంగ్లీషు వచ్చని ఎవ్వరికి చెప్పకు. పోలీసులొక కాగితం తెస్తరు, అడవిల ఉన్న దళపోళ్లొకటి తెస్తరు. ఏది సదివినా మన బతుకు ఖతం" అన్నాడు. మా ఇంటి బయట ఆ సంగతి తెలిసింది మంత్రసానవ్వకే. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు, అంటే ఇప్పటికి కొన్ని నెలల కింద, ఒకరోజు పెరటి తలుపు నుంచి వచ్చి కొంగులోంచి ఇంగ్లీషు కాగితం తీసింది. ఇంటింటికీ తిరిగే మనిషని, అందరి ఇష్టం కనుక్కు రమ్మని కచ్చేరి గుమాస్తా ఇచ్చాడట.

"జర సదువు బిడ్డా. ఏమంటున్నరు?"

వీధిలో బూట్ల చప్పుడు. కాగితంలో 'టౌన్' అని ఉంది. గబగబా అనేశాను: "మనూరిని పట్నం జేద్దామా అని అడుగుతున్నరు."

ఆ మాటే పట్టుకుని ఆమె గడప గడపకూ వెళ్లింది. "పట్నమా? మళ్ల పట్నపోళ్ల రాజ్యమేనా? మొన్ననే గద ఆ పీడ పోయింది!" అన్నారు. "గీమెను ఎవరు తోలిండ్రో!" అన్నారు. మూడో రోజుకు ఆమెను చూస్తూనే తలుపులు మూసుకున్నాయి. పట్నమవ్వ అన్న పేరు అప్పుడు పుట్టింది.

మళ్లీ పెరటి తలుపు నుంచే వచ్చింది. "ఆ మాట ఇంకో తీరుగ సెప్పరాదా బిడ్డా?"

అప్పుడు వివరంగా చెప్పాను. వీధి దీపాలు, మురికినీళ్లు పోయే మోరీలు, తాగే నీళ్లు, దవాఖాన ఊరివాళ్లే కమిటీ పెట్టుకుని చూసుకుంటారని, హైదరాబాదుతో సంబంధం లేదని.

"ఓసి పిల్లా! గిది ముందుగాల సెప్పకపోతివి" అని నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. "నా పేరు ఎక్కడన్న సెప్పినవా అవ్వా?" అని అడిగాను.

"ఎన్నిండ్ల ముచ్చట్లు నా కడుపుల ఉన్నయి. నీదొక్కటి బరువైతదా?"

అయినా నేను నమ్మలేదు. ఆమె ఎవరితో మాట్లాడినా కిటికీ సందులోంచి చూసేదాన్ని. పెదవులు కదిలితే నా పేరేనేమో అనిపించేది.

తర్వాత గంజ్‌లో ధాన్యపు అంగడి ముందు అందరినీ కూడేశారు. "ఇష్టమున్నోళ్లు చెయ్యి లేపుండ్రి" అన్నాడు గుమాస్తా. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే గానీ ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు పక్క వాడలో ఏదో కాన్పు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మంత్రసానవ్వ వెనక నుంచి చెయ్యెత్తింది.

"పట్నమవ్వా, నీకేమిచ్చిండ్రే?" అన్నాడొకాయన.

"నీ బొడ్డు కోసిననాడు మీయమ్మ ఇస్తనని ఎగ్గొట్టిన సీరె ఇచ్చిండ్రు."

అందరూ నవ్వారు. అంతలో ఇంకో గొంతు: "నవ్వుడు కాదు. పట్నమన్న మాట ఈమెకు ఎవరు నేర్పిండ్రో అడుగుండ్రి."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. నేను ఆడవాళ్ల మధ్య, ఓణీ కింద చేతులు బిగించుకుని ఉన్నాను. ఆమె నా వైపు తప్ప అన్ని వైపులా చూసింది.

"ఎవరు నేర్పుతరు? నేనే అన్న. దీపాలు, మోరీల ముచ్చటిది. నాకు సెప్పరాలే."

ఏమీ తేలకుండానే అందరూ లేచిపోయారు. ఆ తర్వాత మా వాడలో కాన్పు వస్తే పక్కూరి నుంచి ఇంకొకామెను పిలిపించారు. మంత్రసానవ్వ ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని తన గడపలో కూర్చునేది. జ్వరం వచ్చిందని తెలిసినా నేను పోలేదు. చూస్తారని భయం.

వచ్చే వారం ఊరి ఇష్టం మళ్లీ అడుగుతారని నిన్న డప్పు కొట్టారు. ఈ కాగితం చదివే మీరంతా ఆ గంజ్‌లో ఉన్నవాళ్లే. కింద నా పేరు రాయడానికి నాకింకా భయమే. కానీ ఆ తప్పు మాట ఆమెది కాదు, నాది. ఆమె చెయ్యి ఎవరి కోసమూ లేవలేదు, మన మోరీల కోసం, దవాఖాన కోసం లేచింది.

కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది. అంతమంది తలల మీద ఒక్క ముసలి చెయ్యి, మోచేతి దాకా ఆముదం, ఎండకు మెరుస్తూ.