మోట మీద ఉయ్యాలో

మా బావి మీద మోట కొడుతూ బాపు పాడేవాడు. అది నాకు ఇప్పటికీ తెల్లవారుజాము కలలో వస్తుంది. ముందు గిరక కిర్రుమంటుంది, తర్వాత మంచులోంచి బాపు గొంతు, ఆ వెనక కాలువలో నీళ్లు. అప్పటికి ఎనిమిదేళ్ల దాన్ని, ఆ మూడూ వేరువేరని నాకు తెలియదు.

మోట చూడని వాళ్లకు కొంచెం చెప్పాలి. రెండెద్దులు వెనక్కి నడిచి బావి గట్టు దాకా వస్తే తోలు బొక్కెన నీళ్లలో మునుగుతుంది. అది నిండేదాకా ఆగి, ఏటవాలు బాటలో ముందుకు దిగితే నీళ్లు పైకొస్తాయి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో ఎద్దులకు చెప్పేది పాటే. చరణం చివర బాపు గొంతు సాగదీసినంతసేపు అవి నిలబడేవి. గొంతు దించగానే కదిలేవి. ఆయన చేతిలో ములుగర్ర ఉండేది గానీ, దానితో పొడవగా నేను చూడలేదు.

పోలీసు యాక్షన్ అయి, నిజాం జమానా పోయిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆ సంబరం మూడు నెలలు నిలిస్తే గొప్ప. నిజాం మీద పోరాడిన కమ్యూనిస్టు సంఘం వాళ్లకు అన్నం పెట్టినవాళ్ల కోసం మిలిటరీ ఇల్లిల్లూ తిరిగింది. బాపు పెట్టిన మాట నిజమే. ఆకలితో గడపలోకొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపే రకం కాదాయన. ఒక పొద్దున ఆయనను మోట మీది నుంచే తీసుకుపోయారు. పాట చరణం మధ్యలో తెగిపోయింది. మిగతా సగం కోసం ఎద్దులు గట్టు మీద చాలాసేపు అట్లాగే నిలబడ్డాయి.

నారు పోసి అప్పటికి పది రోజులు. అది ఎండితే ఆ ఏడు మాకు గింజ లేదు. బాపుకు వరసకు తమ్ముడైన పక్క బావి కాక వచ్చి మోట పట్టాడు. ఆయన కేకలన్నీ దున్నపోతు మీద వానే అయ్యాయి. కొడితే నాలుగడుగులు వేసి, మళ్లీ ఆగి చెవులు రిక్కించేవి. మూడో రోజుకు నారు కొసలు పసుపు తిరిగాయి. అప్పుడు అమ్మ కొంగు నడుముకు చుట్టి తాను పగ్గాలు పట్టింది. ఆడమనిషి మోట కొట్టడం మా ఊరు ఎరగదు.

బాపు పాట ఆమెకు కంఠతా వచ్చు. కానీ నోరు తెరిస్తే ఏడుపొచ్చేది. ఇక ఆమెకు మిగిలినవి బతుకమ్మ పాటలే. చలికాలంలో, ఒక్క పువ్వు లేకుండా, ఎద్దుల ముందు ఉయ్యాలో అని మొదలుపెట్టింది. ఆ మాట గబగబా వచ్చేస్తుంది కదా, ఎద్దులు తొందరపడి కదిలేవి, బొక్కెన సగమే నిండేది. కాక నవ్వాడు, నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. మొదటి ఉయ్యాలోను బొక్కెన నిండేదాకా సాగదీసింది, రెండోదాన్ని దించింది. రెండు రోజుల్లో ఎద్దులకు పట్టుబడింది. నారు బతికింది.

తెలిసిన పాటలు అయిపోయాక అమ్మ సొంతంగా కట్టుకోసాగింది. ఎర్రెద్దు కుంటడం, నా జ్వరం, వాన పడకపోవడం అన్నీ అందులోకొచ్చేవి. ఎక్కువగా బాపునే బాగోగులు అడిగేది, ఆయన ఎదురుగా కూర్చున్నట్టే. అవతలి చెలకల్లో కలుపు తీసే ఆడవాళ్లు అక్కడినుంచే ఉయ్యాలో అని అందుకునేవాళ్లు. వాళ్ల గొంతులు మంచులో ఎటునుంచి వస్తున్నాయో తెలిసేది కాదు. నేను గట్టు మీద కళ్లు మూసుకుని వినేదాన్ని. చెప్పడానికి సిగ్గేగానీ, బాపు లేని ఆ ఏడాదిలోనూ నేను హాయిగా ఉన్న గడియలవి.

మరుసటి ఏడు నాట్లప్పుడు బాపును విడిచిపెట్టారు. చిట్యాల దాకా ఎవరిదో బండి ఎక్కి, అక్కడినుంచి నడిచి వచ్చాడు. సగం మనిషయ్యాడు. జైలు గురించి ఎవరడిగినా తల పక్కకు తిప్పుకునేవాడు, అమ్మ అడిగినా అంతే. నాలుగో పొద్దున తనే మోట దగ్గరికి వచ్చి పగ్గాలు పట్టుకుని తన పాత పాట ఎత్తుకున్నాడు.

ఎద్దులు కదల్లేదు. మళ్లీ పాడాడు. ఎర్రెద్దు తల తిప్పి అమ్మ వైపు చూసింది. ఆ రోజు ఆ ఎద్దును చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

"నన్ను మరిసిపోయినయే," అన్నాడు బాపు.

"నువ్వు మతికొస్తవని నీ పాట పాడలేదయ్యా. నాకొచ్చిందే నేర్పిన," అంది అమ్మ.

బాపు పగ్గాలు ఆమెకిచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టింది. తర్వాత ఏడాదిగా రోజూ పాటలో అడిగిందే అడిగింది.

"రాతి గోడల నడుమ ఉయ్యాలో, ఏం తిని పండుకుంటివి ఉయ్యాలో."

అవతలి చెలకలో ఆడవాళ్లు ఈసారి అందుకోలేదు. బొక్కెన నిండినా అమ్మ రెండో ఉయ్యాలోను దించలేదు. ఎద్దులు ఎదురుచూస్తున్నాయి. అప్పుడు బాపు తల వంచుకునే, బొంగురు గొంతుతో, చివరి ఉయ్యాలోను అమ్మలాగే దించుతూ జవాబు చెప్పాడు.

"తిండి పెట్టిండ్రే ఉయ్యాలో, నిద్రనే రాలేదే ఉయ్యాలో."

ఎద్దులు కదిలాయి.